తుంటి మార్చుకున్నాక రోజుకి ఎన్ని అడుగులు నడవొచ్చు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు, బరువు 78 కిలోలు. కడప జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. ఏవీఎన్ (రక్తం అందక తుంటి బంతి ఎముక చచ్చుబడిపోవడం) వచ్చి రెండేళ్ల క్రితం కుడి తుంటి మార్చారు. కోవిడ్ అప్పుడు వాడిన స్టెరాయిడ్ల వల్ల వచ్చి ఉంటుందన్నారు. సిరామిక్ బంతి, ప్లాస్టిక్ కప్పు వేశారు. కుడివైపు ఇప్పుడు నొప్పి అన్నదే లేదు. గ్రౌండులో తిరిగే ఉద్యోగం కాబట్టి వాచీలో రోజుకి పది పన్నెండు వేల అడుగులు పడతాయి. ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేసే మా బామ్మర్ది మొన్న ఇంటికొచ్చి, "బావా, టైరుకి ఇన్ని కిలోమీటర్లని ఉన్నట్టే నీ తుంటికీ ఉంటుంది, ఊరికే అరగదీసుకోకు" అన్నాడు. అప్పటినుంచి మా ఆవిడ రోజూ రాత్రి వాచీ తీసి చూస్తోంది. ఐదు వేలు దాటితే పంచాయితీనే. నేను నడక తగ్గించాలా? అలిపిరి మెట్లెక్కి వస్తానని ఆపరేషన్‌కి ముందు మొక్కుకున్నాను, తీర్చుకోవచ్చా? ఇదివరకు షటిల్ బాగా ఆడేవాణ్ని, మళ్లీ ఆడొచ్చా? ఆండీ ముర్రే తుంటి సర్జరీ తర్వాత కూడా టెన్నిస్ ఆడాడు కదా. ఇంకొకటి, ఈమధ్య ఎడమవైపు గజ్జల్లో కాస్త పట్టేసినట్టు ఉంటోంది. కుడికాలిని కాపాడుకుంటూ నడవడం వల్లేమో. నా పేరు వేయకండి.

సమాధానం:

మాస్టారూ, మీ బామ్మర్ది చెప్పినదాంట్లో సగం నిజముంది. ముందు ఆ సగం ఒప్పుకుంటాను, లేకపోతే మీ ఇంట్లో నా మాట చెల్లదు. మీరు చివర్లో అలా పడేసిన ఎడమ గజ్జ సంగతి మాత్రం నాకు మిగతా అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. దాని దగ్గరికి వస్తాను, అందాకా చదవకుండా వదిలేయకండి.

చాలాకాలం డాక్టర్లు కూడా కృత్రిమ తుంటికి ఆయుష్షు ఏళ్లలోనే చెప్పేవాళ్లు. పదిహేనేళ్లు వస్తుంది, ఇరవై ఏళ్లు వస్తుంది అని. మరి ఒకేలాంటి కీలు వేసిన ఇద్దరిలో ఒకరిది ముందే ఎందుకు అరిగిపోతోంది? 1990ల చివర్లో అమెరికాలో థామస్ ష్మాల్జ్‌రీడ్ అనే సర్జన్, ఆయన బృందం తుంటి, మోకీలు మార్పించుకున్నవాళ్లకి పెడోమీటర్లు కట్టి అడుగులు లెక్కపెట్టారు. సగటున రోజుకి 5 వేల అడుగులు తేలాయి. (మీ ఆవిడ గీసిన గీత అచ్చంగా ఈ సగటు మీదే పడింది, ఎక్కడ చదివారో గానీ!) సగటు సంగతి అలా ఉంచితే మనిషికీ మనిషికీ మధ్య తేడా చూడండి. ఒకరు రోజుకి 400 అడుగులు కూడా వేయలేదు, ఇంకొకరు 17 వేలు దాటించారు. ఆ తర్వాత 2000లో అదే బృందం ఎక్స్-రేల్లో అరుగుదల కొలిచి అడుగులతో పోల్చింది. అరుగుదల కీలు వేసి ఎన్నేళ్లయిందన్న దాన్ని బట్టి కాకుండా, దాన్ని ఎంత వాడారన్న దాన్ని బట్టి ఉందని తేలింది.

మీ లెక్కే వేసుకుందాం. రోజుకి 12 వేల అడుగులంటే కుడికాలు వేసేవి 6 వేలు. ఏడాదికి దాదాపు 22 లక్షలు. సగటు మనిషి తుంటి ఏడాదికి 9 లక్షల సార్లు తిరిగితే మీది దానికి రెండింతలకు పైనే తిరుగుతోంది. ఇక్కడిదాకా బామ్మర్ది గెలిచాడు.

ఆయన లెక్క తప్పింది ఎక్కడంటే, టైరు అరిగితే పోయిన రబ్బరు రోడ్డు మీదే ఉండిపోతుంది. తుంటిలో అరిగిన ప్లాస్టిక్ ఎక్కడికీ పోదు, కీలు చుట్టూనే ఉంటుంది. అసలు గొడవంతా ఆ పొడితోనే. ఇదివరకటి మామూలు పాలిథిలీన్ (ఈ కప్పులకు వాడే ప్లాస్టిక్) కప్పు ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు అరిగేది. కప్పు మందం కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, మందం ఒక్కటే చూస్తే అది కొన్ని దశాబ్దాలు రావాలి. కానీ రాలే రేణువులు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి, లెక్కకి అందనన్ని. మన ఒంట్లోని రక్షణ కణాలు వాటిని క్రిములనుకుని మింగుతాయి, అరిగించుకోలేవు. ఆ పెనుగులాటలో అవి విడుదల చేసే రసాయనాలు ఎముకను తినే కణాలను రెచ్చగొడతాయి. కప్పు వెనకా, తొడ ఎముకలో దిగేసిన కాడ చుట్టూ ఎముక నెమ్మదిగా కరిగి గుల్లవుతుంది. పట్టు వదిలి కీలు లూజవుతుంది. అంటే చాలామందిలో కీలు పాడైంది ప్లాస్టిక్ అరిగి అయిపోయినందుకు కాదు, ఆ పొడి ఎముకను తినేయించినందుకు.

ఈ పాఠం వైద్యులకు మొదట నేర్పింది టెఫ్లాన్. తుంటి మార్పిడికి ఆద్యుడనదగ్గ జాన్ ఛార్న్లీ ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆస్పత్రిలో 1950ల చివర్లో టెఫ్లాన్ కప్పులు వేశారు. నునుపుగా, జారుడుగా ఉంది కదా అని. రెండు మూడేళ్లు తిరిగేసరికి అవి అరిగిపోయి, చుట్టూ గడ్డలు కట్టి, ఎన్నో కీళ్లు మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఆయన టెఫ్లాన్ పొడినీ, కొత్తగా చూస్తున్న పాలిథిలీన్ పొడినీ తన తొడలోనే పెట్టించుకుని చూశారు. నెలలు గడిచేసరికి టెఫ్లాన్ పెట్టినచోట చేతికి తగిలే గడ్డలు లేచాయి, రెండోచోట లేవలేదు. 1962 నవంబరు నుంచి పాలిథిలీన్ కప్పులు వేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ప్రపంచమంతా నడిచింది ఆ ప్లాస్టిక్ మీదే. ష్మాల్జ్‌రీడ్ కొలిచింది కూడా దాన్నే.

మీకు వేసింది అది అయ్యుండదు. 1990ల చివరి నుంచి అదే ప్లాస్టిక్‌కి రేడియేషన్ ఇచ్చి, ఆపైన వేడి చేసి, లోపలి గొలుసులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడేలా తయారుచేస్తున్నారు. హైలీ క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ అంటారు. దీని అరుగుదల పాతదాంట్లో ఐదో వంతు, పదో వంతు మాత్రమే. ఏడాదికి 0.05 మిల్లీమీటర్లలోపు అరిగితే ఎముక కరగడం చాలా అరుదని పాత ప్లాస్టిక్ రోజుల్లోనే గమనించారు. కొత్తది మామూలుగా ఆ గీతకు బాగా దిగువనే ఉంటుంది. అందుకే కొత్త ప్లాస్టిక్ వేసినవాళ్ల మీద వచ్చిన అధ్యయనాల్లో, బాగా తిరిగేవాళ్లకీ తక్కువ తిరిగేవాళ్లకీ మొదటి పదేళ్లలో అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా పెద్దగా కనిపించడం లేదు. దాని మీద సిరామిక్ బంతి, గీతలు పడని రకం. కాబట్టి కుడి తుంటి వరకూ నా జవాబు సూటిగా ఉంది. అరుగుతుందని భయపడి నడక తగ్గించనక్కర్లేదు. పన్నెండు వేలూ నడవండి.

నడక తగ్గిస్తే ఏమవుతుందో కూడా మీ ఆవిడకి చెప్పండి. పిరుదు పక్కన ఉండే కండ సన్నబడుతుంది, నడకలో ఒక పక్కకి ఒరగడం మొదలవుతుంది, తూలితే కాలు నిలదొక్కుకోదు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వెతుక్కునేవాళ్లలో కీలు అరిగినవాళ్ల కన్నా కండ కరిగినవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. ఓపీలో నేను చేయించే పరీక్ష చాలా చిన్నది. ఇంట్లో మీరే చేసుకోండి. అద్దం ముందు నిలబడి కుడికాలి మీద మాత్రమే నిలుచుని, ఎడమకాలు కొంచెం ఎత్తండి. ప్యాంటు బెల్టు ఎడమవైపు కిందికి వాలిందా? వాలితే ఆ కుడి కండకి ఇంకా పని చెప్పాలని అర్థం. పక్కకి పడుకుని కాలు లేపే వ్యాయామం మీ పిల్లలకి మీరు నేర్పేదే.

మరి దేనికి భయపడాలి? బెర్లిన్‌లో బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం కృత్రిమ తుంటి లోపల సెన్సర్లు పెట్టి, దాని మీద పడే బరువును నేరుగా కొలిచింది. మామూలుగా నడిచేటప్పుడు ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు పడుతుంది. మీ 78 కిలోలకు దగ్గరదగ్గర 195 కిలోలు. మెట్లెక్కినా దిగినా కాస్త ఎక్కువ, అంతే. కాలు తట్టుకుని పడబోయి నిలదొక్కుకున్న క్షణంలో మాత్రం అది ఎనిమిది రెట్లు దాటింది. మీ లెక్కలో 600 కిలోల పైనే. కింద పడనే లేదు, పడబోయారంతే! నిజంగా పడితే ఇంప్లాంట్ పక్కన ఎముక విరగొచ్చు, దాన్ని సరిచేయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. అందుకని అడుగుల సంఖ్య మీద పెట్టే టెన్షన్ తడి బాత్రూము మీద, అరిగిన చెప్పుల మీద, గ్రౌండులో ఎవరో వదిలేసిన బంతి మీద పెట్టండి. ఐదారు కిలోలు తగ్గినా మంచిదే, ప్రతి అడుగుకీ పదిహేను కిలోల దాకా కీలుకి కలిసొస్తుంది.

అలిపిరి సంగతి. మెట్లు 3,550, దారి సుమారు 9 కిలోమీటర్లు. అరుగుదల లెక్కలో చూస్తే ఆ మెట్లన్నీ కలిపి మీ ఒక్కరోజు అడుగుల్లో మూడో వంతు కూడా లేవు, దానివల్ల కీలుకి వచ్చే నష్టం లేదు. ఇబ్బంది అలసటది. గాలిగోపురం దాకా నిటారుగా ఉన్న మెట్లు ఎక్కేసరికి తొడలు వణుకుతాయి. అలాంటప్పుడే కాలు తడబడుతుంది. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్లేవాళ్లు ఉంటారు కదా, వాన పడ్డప్పుడు ఆ మెట్లు జారతాయి. మీరు మాత్రం అలా ప్రతి మెట్టుకీ వంగే మొక్కు పెట్టుకోకండి. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కడం కూడా వద్దు. వానాకాలం కాకుండా చూసుకుని, బ్యాగు అలిపిరిలోనే లగేజీ కౌంటర్‌లో ఇచ్చేసి, రెయిలింగ్ వైపున నెమ్మదిగా, కూర్చుంటూ ఎక్కండి. దిగడానికి బస్సు. దిగేటప్పుడు కూడా నడిచే వస్తానని మొక్కి ఉండరనుకుంటాను. ఎప్పుడు వెళ్లాలన్నది మాత్రం ఎడమ తుంటి పరీక్ష అయ్యాకే.

షటిల్. డబుల్స్ ఆడొచ్చు, అది కూడా ఇదివరకు బాగా ఆడినవాళ్లు కాబట్టి. తెలిసిన ఆట అయితే శరీరం ఎప్పుడు వదిలేయాలో తెలిసి ఆడుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లే ఎక్కువ పడతారు. నెట్ దగ్గర ఒక్కసారిగా కాలు బారచాపి వంగే లంజ్, గాల్లోకి లేచి కొట్టే స్మాష్ మానేయండి. మీలాంటివాళ్లకి ఇది చెప్పడం తేలికే, పాటించడమే కష్టం. ఎదుటివాడు షటిల్‌ని నెట్ మీద నుంచి చిన్నగా వదిలినప్పుడు "పోతే పోయింది పాయింటు" అనుకోగలిగితేనే కోర్టులో దిగండి. సింగిల్స్ వద్దు. స్కూల్లో లాంగ్ జంప్, హర్డిల్స్ మీరు చేసి చూపించకుండా, బాగా చేసే పిల్లాడితో చేయించండి. కబడ్డీ కూతకి అసలే వెళ్లకండి. పరుగు విషయంలో సర్జన్లలో ఒకే మాట లేదు, ఇప్పుడిప్పుడే కొందరు ఒప్పుకుంటున్నారు. మీకు ఇంకా ముప్పై ఏళ్లు పనికిరావాల్సిన కీలు కాబట్టి నేను జాగింగ్ వద్దనే అంటాను. సైకిల్, ఈత ఎంతసేపైనా సరే.

ఆండీ ముర్రే 2019 జనవరిలో ఆపరేషన్ చేయించుకుని అదే ఏడాది అక్టోబరులో ఆంట్వెర్ప్‌లో టైటిల్ గెలిచిన మాట నిజమే. కానీ ఆయనకు చేసింది మీకు చేసిన ఆపరేషన్ కాదు. అది రీసర్ఫేసింగ్. తొడ ఎముక తలను కోసి తీసేయకుండా దాని మీద లోహపు టోపీ తొడుగుతారు, అవతల కప్పు కూడా లోహమే. ప్లాస్టిక్ ఉండదు కాబట్టి ప్లాస్టిక్ పొడి ఉండదు. దాని బదులు కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరే సమస్య ఉంటుంది. లోహం మీద లోహం రకాల్లో ఏఎస్ఆర్ అనే ఒక మోడల్‌ని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనూ అది వేయించుకున్నవాళ్లు ఉన్నారు, పరిహారం తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం కమిటీ కూడా వేసింది. ఎంచిన రోగులకి, ఎంచిన మోడల్‌తో రీసర్ఫేసింగ్ ఇప్పటికీ చేస్తారు. అయితే ముర్రే ఆడింది చూసి మన కాలు ఎంత ఓర్చుకుంటుందో లెక్కేసుకోకూడదు.

కింద కూర్చోవడం గురించి మీరు అడగలేదు గానీ అడగనివాళ్లు ఉండరు కాబట్టి చెబుతున్నా. బాసింపట్టు వేసుకోవడం, గొంతుకూర్చోవడం వల్ల అరుగుదల పెరగదు, అక్కడ భయం కీలు జారిపోతుందని. ఆ భయం మొదటి రెండు మూడు నెలల్లోనే ఎక్కువ. మీకు రెండేళ్లయింది, మీ సర్జన్ ఒప్పుకుంటే పంక్తిలో కూర్చుని తినండి. ఇంట్లో మాత్రం వెస్టర్న్ కమోడే వాడండి.

ఇక ఆయుష్షు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, వేసిన తుంటి కీళ్లలో 25 ఏళ్ల తర్వాత కూడా 58 శాతం పనిచేస్తూనే ఉన్నాయి. ఇందులో చాలావరకూ పాత ప్లాస్టిక్ కాలంవే, కొత్తవి ఇంకా మెరుగ్గా ఉంటాయని ఆశ. దీనికి రెండోవైపు కూడా చెప్పాలి. అదే పత్రికలో 2017లో వచ్చిన బ్రిటన్ లెక్కల్లో, 70 దాటాక తుంటి మార్చుకున్నవాళ్లకి బతికినన్నాళ్లలో మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం 5 శాతం దగ్గర ఉంటే, యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్లలో అది 35 శాతం దాకా ఉంది. మీకు 44కే చేశారు. జీవితంలో ఒకసారి రివిజన్ (కీలు మళ్లీ మార్చే ఆపరేషన్) పడొచ్చని మనసులో పెట్టుకుని ఉండటమే మంచిది. కాడ, బయటి లోహపు కప్పు గట్టిగా ఉండి, దాని లోపల అమర్చిన ప్లాస్టిక్ కప్పు (లైనర్) ఒక్కటే అరిగితే, దాన్ని మాత్రం మార్చడం చిన్న పనే. ఎముక కరిగిపోయాక వస్తేనే పెద్ద పని. ఈ రెండింటి మధ్య తేడా అంతా ఎక్స్-రేల్లో ఉంది.

ఎందుకంటే పొడి ఎముకను తింటున్నన్నాళ్లూ నొప్పి ఉండదు. కీలు లూజయ్యాకే తెలుస్తుంది. పొద్దున లేచిన మొదటి నాలుగడుగుల్లో తొడలో నొప్పి వచ్చి, నడిస్తే సర్దుకోవడం దానికి ఒక గుర్తు. అందాకా ఆగకూడదు. మీకు నొప్పి లేదు కాబట్టి రెండేళ్లుగా ఎక్స్-రే తీయించి ఉండరని నా అనుమానం. ఆపరేషన్ అయిన ఏడాదికి తీసిన ఎక్స్-రే చాలా ముఖ్యం. మొదటి ఏడాదిలో బంతి కింద ప్లాస్టిక్ కాస్త సర్దుకుని కూర్చుంటుంది, చూస్తే అరిగినట్టే ఉంటుంది గానీ అది అరుగుదల కాదు. ఆ తర్వాతి మార్పే అసలు అరుగుదల. తీయించి ఉండకపోతే ఇప్పుడు తీయించి దాచుకోండి. ఆ తర్వాత మీ సర్జన్ చెప్పిన గడువుకి, నొప్పి ఉన్నా లేకపోయినా. అలాగే డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించిన పేజీ ఒకటి ఉంటుంది. కంపెనీ, సైజు, లాట్ నంబరు అందులో ఉంటాయి. ఫోనులో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకి కూడా పంపండి. ఇరవై ఏళ్ల తర్వాత లైనర్ మార్చాల్సి వస్తే, ఏ కప్పులో ఏది పడుతుందో చెప్పేది ఆ ఒక్క కాగితమే. పేజీ దొరక్కపోతే ఆస్పత్రి రికార్డులు పారేయకముందే వెళ్లి అడగండి.

ఇప్పుడు ఎడమ గజ్జ. కుడికాలిని కాపాడుకుంటూ నడవడం వల్ల అనుకుంటున్నారు, కావచ్చు. కానీ మీకు కుడివైపు వచ్చింది దెబ్బ తగిలి కాదు, స్టెరాయిడ్ల వల్ల అన్నారు. ఆ మందు రెండు తుంటి కీళ్లకీ సమానంగానే వెళ్లింది. గాయం వల్ల కాకుండా వచ్చే ఏవీఎన్ సగానికి పైగా మందిలో రెండోవైపూ వస్తుంది, గజ్జల్లో పట్టేసినట్టు ఉండటమే దాని మొదటి మాట. తొలి దశలో ఎక్స్-రే మామూలుగానే ఉంటుంది, ఎమ్మారైలోనే తెలుస్తుంది. ఈ వారంలోనే మీ సర్జన్ని కలిసి రెండు తుంటి కీళ్లకీ ఎమ్మారై తీయించమని అడగండి. కుడివైపు ఇంప్లాంట్ ఉందని స్కానింగ్ సెంటర్లో ముందే చెప్పండి, చాలావరకూ ఇబ్బంది ఉండదు, ఎడమవైపు బొమ్మ బాగానే వస్తుంది.

బంతి ఎముక ఇంకా కుంగకముందే దొరికితే, ఎముకలో సన్నటి రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్‌తో సొంత కీలును కొంతకాలమైనా, కొందరిలో చాలాకాలం, నిలబెట్టుకునే వీలుంటుంది. కుంగాక ఆ దారి మూసుకుపోతుంది. అందుకని రిపోర్టు చేతికొచ్చేదాకా మీ ఆవిడ గీసిన ఐదు వేల గీతనే పాటించండి, కోర్టు వైపు పోకండి, గ్రౌండులో కుర్చీ వేయించుకుని విజిల్ వేయండి. కారణం మాత్రం కుడి తుంటి కాదని బామ్మర్దికి చెప్పండి. మద్యం అలవాటుంటే ఈరోజే ఆపేయండి. ఎవరైనా ఆయాసానికనో, కీళ్లనొప్పులకనో మళ్లీ స్టెరాయిడ్ రాయబోతే మీ తుంటి సంగతి ముందే చెప్పండి. రిపోర్టు వచ్చాక ఏ స్టేజీ అన్నారో రాయండి, మొక్కు ఎప్పుడు తీర్చుకోవచ్చో అప్పుడు చెబుతాను.